సంవత్సరం లేని వైన్

నేను సింగపూర్ వెళ్ళింది బ్యాంకులో పని చేయడానికి. హైదరాబాద్‌లో నన్ను ఎంపిక చేసిన కన్సల్టెన్సీ వాళ్ళు ఆ మాటే చెప్పారు. నగరం నడిమధ్య, నది కనిపించే అద్దాల మేడలో ఆఫీసు అన్నారు. అప్పట్లో కంప్యూటర్ కోర్సు చేసిన వాళ్ళకు ఏదో ఒక దేశం నుంచి పిలుపు వస్తూనే ఉండేది. స్నేహితులం కలిస్తే ఎలా ఉన్నావని కాదు, ఎక్కడికి పోతున్నావని అడిగేవాళ్ళం.

విమానం దిగిన మర్నాడు కన్సల్టెన్సీ మనిషి వచ్చి, బ్యాంకు ప్రాజెక్టు వాయిదా పడిందనీ, ప్రస్తుతానికి వేరే కంపెనీలో చేరాలనీ చెప్పాడు. చేతికిచ్చిన వర్క్ పాస్ మీద చూస్తే ఆ వేరే కంపెనీ పేరే ఉంది. అంటే వాయిదా సంగతి నేను విమానం ఎక్కకముందే వాళ్ళకు తెలుసన్నమాట.

“నాకు ఇష్టం లేకపోతే?” అని అడిగాను.

“పాస్ రద్దవుతుందండి. వెనక్కి వెళ్ళిపోవాలి. అగ్రిమెంటులో రెండేళ్ళని రాసుకున్నాం కదా. ఆ సంగతి మీ నాన్నగారితో మాట్లాడుకుంటాం,” అన్నాడు ఎంతో మర్యాదగా.

మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలనే ఆ అగ్రిమెంటు మీద నాతోపాటు నాన్న కూడా సంతకం పెట్టాడు. మర్నాడు వెళ్ళి చేరాను.

ఆ కంపెనీ స్పెయిన్ నుంచి వైన్ తెప్పించి హోటళ్ళకు అమ్మేది. యజమాని సింగపూర్ చైనీయుడు, నలభై దాటని మనిషి, ఎప్పుడూ పరుగులో ఉండేవాడు. ఇంటర్నెట్‌లో దుకాణం పెట్టి ఆసియా అంతటికీ స్పెయిన్ వైన్ అమ్మాలని ఆయన కల. ఆ దుకాణాన్ని కంప్యూటర్‌లో కట్టడమే నా పని. మా ఇంట్లో మందు సీసా గడప దాటి లోపలికి వచ్చిన రోజు లేదు. వైన్ అంటే ద్రాక్షరసం లాంటిదని తప్ప నాకు ఏమీ తెలియదు.

సింగపూర్ అనగానే అందరికీ ఉక్కపోత గుర్తుకొస్తుంది. నాకు చలి గుర్తుకొస్తుంది. ఆఫీసు తువాస్‌లో, దీవి పడమటి చివర, ఓడల యార్డులూ గోదాములూ తప్ప ఇళ్ళు లేని చోట. గోదాములో వైన్ కోసం ఒక చల్లని గది కట్టారు. సర్వర్‌కు కూడా చల్లదనం కావాలి కాబట్టి, రెండో ఏసీ ఖర్చెందుకని యజమాని దాన్ని తెచ్చి ఆ గదిలోనే పెట్టించాడు. సర్వర్ ఉన్న చోటే నేనూ ఉండాలి. కిటికీ లేదు. గోడలు దట్టమైన నురుగు పలకలు. బయట వాన పడుతోందో, ఎండ కాస్తోందో, భోజనానికి బయటికి వస్తేనే తెలిసేది. ఊళ్ళో డిసెంబరులో కూడా వేసుకోని స్వెట్టరు టెక్కా మార్కెట్ దగ్గర కొనుక్కుని, భూమధ్యరేఖ పక్కన కూర్చుని రోజంతా వేసుకునేదాన్ని. పొద్దున నేనుండే ఆంగ్ మో కియోలో ట్రైన్ ఎక్కితే, చివరి స్టేషన్‌లో దిగి, కంపెనీ వ్యాన్ పట్టుకుని ఆ గదిలోకి. సాయంత్రం ఆ దారినే వెనక్కి.

ఇంటికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

“బ్యాంకుల జేస్తున్నదని వాడకట్టంత చెప్పిన,” అంది అమ్మ. “నువ్వు గూడ గదే చెప్పు. సారా దుకాణంల కొలువంటే రేపు నీకు సంబంధం ఎట్ల జూడాలె?”

“సారా కాదమ్మా, వైన్.”

“గంతే గద.”

ఆ రోజు నుంచి నేను బ్యాంకు ఉద్యోగినయ్యాను. ఆంగ్ మో కియోలో నేను గది అద్దెకు తీసుకున్న ఫ్లాట్ ఆంటీకి కూడా అమ్మే ఫోన్‌లో అలా చెప్పింది. ఆ ఆంటీ సింగపూర్‌లోనే పుట్టింది. ఆమె తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. మంచి మనిషి, కానీ తెలుగువాళ్ళు ఎవరు వచ్చినా నన్ను పిలిచి చూపించేది. “ఈ పిల్ల బ్యాంక్‌లో కంప్యూటర్ లా. చాలా కెట్టికారి,” అనేది, అక్కడి అలవాటుగా మాట చివర ‘లా’ చేర్చి, తెలివైనదని తమిళంలో మెచ్చుకుంటూ. నేను నవ్వి లోపలికి పోయేదాన్ని. పగలు కిటికీ లేని గది, సాయంత్రం అమ్మ అల్లిన మాట. రెండింట్లో దేనికీ తలుపు నా చేతిలో లేదు.

ఆ చల్లని గదికి వచ్చే మరో మనిషి స్పెయిన్ ఆవిడ. యాభై దాటిన వయసు, పొట్టి మనిషి, ముక్కు పొడుగు. దక్షిణ స్పెయిన్‌లో హెరెస్ అనే ఊరు ఆవిడది. షెర్రీ అనే వైన్‌కు ఆ ఊరే పుట్టిల్లు. అక్కడ వైన్ పీపాలుండే పెద్ద సాలలను బొదేగా అంటారు. ఆవిడ తండ్రి అలాంటి ఒక చిన్న బొదేగాకు యజమాని, దాని పెరట్లోనే వాళ్ళ ఇల్లు. తండ్రి పోయాక బొదేగా తమ్ముడి చేతికి వెళ్ళింది. ఆడపిల్ల పీపాల మధ్య పని చేయడం ఆ రోజుల్లో అక్కడ కూడా మర్యాద కాదట. వాసన పట్టడంలో ఇంట్లో అందరికంటే ఆవిడే మెరుగైనా, చివరికి హోటల్ వెయిటర్లకు వైన్ గురించి పాఠాలు చెప్పే ఉద్యోగం వెతుక్కుంటూ సింగపూర్ వచ్చింది. ఆవిడ పాస్ కూడా నాలాగే ఆ కంపెనీకే కట్టేసి ఉంది.

మా ఇద్దరిదీ అరకొర ఇంగ్లీషే కాబట్టి బాగా అర్థమయ్యేది. మొదట్లో మేడమ్ అన్నాను. సింగపూర్‌లో వయసులో పెద్ద ఆడవాళ్ళనందరినీ ఆంటీ అంటారని తెలిశాక ఆవిడే అలా పిలవమంది. నన్ను మాత్రం “ఇహా” అనేది. వాళ్ళ భాషలో కూతురా అని.

మా పరిచయం పోట్లాటతో మొదలైంది. నా ప్రోగ్రాములో ప్రతి సీసాకూ పేరు, ప్రాంతం, ద్రాక్ష రకం, పంట సంవత్సరం నింపాలి. ఒక్కటి వదిలేసినా ముందుకు పోదు. రియోహా అనే ఉత్తరపు ప్రాంతం సీసాలు సాఫీగా ఎక్కాయి. వాటిలో క్రియాన్సా అంటే కొంతకాలం పీపాలో ఉంచినది, రెసెర్వా అంటే ఇంకా ఎక్కువ, గ్రాన్ రెసెర్వా అంటే మంచి పంట వచ్చిన ఏడు దాన్ని పక్కకు తీసి ఏళ్ళ తరబడి నిలవ పెట్టినది. అన్నింటి మీదా సంవత్సరం అచ్చయి ఉంది. తర్వాత ఆవిడ ఊరి షెర్రీ సీసాలు వచ్చాయి.

“సంవత్సరం?” అన్నాను.

“లేదు.”

“సీసా మీద లేకపోయినా మీకు తెలిసే ఉంటుంది కదా.”

“నాకు తెలియదు. ఎవరికీ తెలియదు.”

“ఏదో ఒకటి చెప్పండి, వేసేస్తాను. లేకపోతే ఇది కదలదు.”

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. “ఇహా, నీ తండ్రి ఎవరని అడిగితే ఏదో ఒక పేరు చెప్తావా?”

నాకు కోపం వచ్చింది. ఆవిడకూ వచ్చింది. కానీ ఆవిడ కోపంలోనే లేచి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి మూడు వరసలుగా ఒకదాని మీద ఒకటి పేర్చింది. నేల మీది వరస చూపించి, సీసాల్లోకి పోసేది ఇందులోంచే అంది. కానీ పీపా మొత్తం ఎన్నడూ ఖాళీ చేయరు, కొంతే తీస్తారు. తీసినంత మేర పై వరసలోంచి పోసి నింపుతారు. దానిలో తగ్గింది ఇంకా పై వరస నుంచి. అన్నిటికంటే పైదానిలో ఈ ఏటి కొత్త వైన్ పోస్తారు. అలా ఆవిడ తాత నాటి నుంచి జరుగుతోంది.

“అంటే కింది పీపాలో అన్ని ఏళ్ళదీ కలిసి ఉంటుందన్నమాట,” అన్నాను.

“మా తాత పోసినదాంట్లో ఒక చుక్క ఇంకా లోపలే ఉంటుంది. ఎంత తీసినా అది పూర్తిగా బయటికి రాదు.”

ఆవిడ గర్వంగా చెప్పింది. నాకు మాత్రం ఎందుకో ఆ చుక్క మీద జాలి కలిగింది.

ఆ సాయంత్రం ప్రోగ్రాము మార్చి, సంవత్సరం లేకపోయినా సీసా ముందుకు పోయేలా చేశాను. యజమాని ఒప్పుకోలేదు. “కస్టమర్లు సంవత్సరం చూసే కొంటారు లా. ఈ ఏడాదే వేసెయ్,” అన్నాడు. ఆంటీ ఆయన ముందు నిలబడి, అలా వేస్తే మర్నాటి నుంచి వెయిటర్లకు పాఠాలు బంద్ అంది. చివరికి తెరమీద ‘సంవత్సరం లేదు’ అనే మాట ఒకటి చేరింది. ఆ కంపెనీలో మేమిద్దరం నెగ్గిన ఒకే ఒక్క విషయం అదే.

ఆ తర్వాత ఆవిడ చెప్పడం, నేను టైపు చేయడం. ఒక్కో ప్రాంతం గురించి నాలుగు వాక్యాలు రాయాలి. నేను చూడని దేశం ఆ గదిలోనే కొంచెం కొంచెంగా కనిపించింది. హెరెస్ నేల సుద్దలా తెల్లగా ఉంటుందట. చలికాలపు వానను స్పాంజిలా పీల్చుకుని, పైన పెంకు కట్టి, వేసవంతా తీగకు అందిస్తుందట. లా మాంచా అనే మైదానంలో మనిషి దిగి కడగాల్సినంత పెద్ద మట్టి బానల్లో వైన్ పులియబెట్టేవారట. లాన్సరోతె అనే దీవి నిండా అగ్నిపర్వతపు బూడిద. అక్కడ ఒక్కో తీగకు ఒక్కో గొయ్యి తవ్వి, గాలి తగలకుండా చుట్టూ నల్లరాళ్ళతో అర్ధచంద్రంలా గోడ కడతారు. ఆ ఫొటోలో వందల గోతులు, ప్రతి గోతిలో ఒంటరిగా ఒక తీగ. ఆ పేజీ రాయడానికి నాకు మిగతావాటికంటే ఎక్కువ సమయం పట్టింది.

గలీసియా ఫొటో చూసినప్పుడు మాత్రం కుర్చీలోంచి లేచాను. వాన ఎక్కువ పడే వాయవ్య మూల అది. నేల తేమ తగలకుండా అక్కడ ద్రాక్షను ఎత్తుగా పందిళ్ళకు పాకిస్తారు. పందిరికి గుంజలు రాతివి, గ్రానైటువి.

“ఆంటీ, ఇది మా ఊరు,” అన్నాను.

మాది మేడ్చల్ వైపు. నా చిన్నతనంలో అక్కడ ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళు, రాతి కడీలు, వాటి మీద తీగలు, తల ఎత్తితే అనాబ్ రకం ద్రాక్ష గుత్తులు. బడి నుంచి వచ్చేటప్పుడు పందిరి కిందనుంచే నడిచేవాళ్ళం. నేను కాలేజీకి వచ్చేసరికి తోటలు ప్లాట్లవుతున్నాయి. ఆ కడీలనే పీకి, ముక్కలు చేసి, ప్లాట్లకు హద్దురాళ్ళుగా పాతారు. కంప్యూటర్ కంపెనీల్లో పని చేసేవాళ్ళు వచ్చి ఇళ్ళు కట్టుకుంటారని అందరూ సంబరపడ్డారు. నేనూ పడ్డాను.

“ఆ ద్రాక్షతో వైన్ చేయలేదా?” అని అడిగింది ఆంటీ.

“లేదు. తినేవాళ్ళం.”

“అన్నీ?”

“అన్నీ.”

ఆవిడ కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ గదిలో నవ్వు గోడలకు తగిలి అక్కడికక్కడే ఆగిపోయేది. బయట ఎవరికీ వినిపించేది కాదు. అదెంత ప్రమాదమో నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఒక శనివారం మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయారు. సోమవారం ఒక పెద్ద హోటల్ వాళ్ళు రుచి చూడటానికి వస్తున్నారని సీసాలు సర్దుతూ మేమిద్దరం ఉండిపోయాం. పెద్ద పిడుగు పడ్డ చప్పుడు ఆ గోడల్లోంచి కూడా వినిపించింది. దీపాలు ఆరిపోయాయి. ఏసీ ఆగింది. గదికి కరెంటు తాళం. కరెంటు పోతే లోపలి నుంచి తిప్పడానికి ఒక పిడి ఉండాలి. అది ఎప్పుడో ఊడిపోయింది. బాగుచేయిస్తామని చెప్తూనే ఉన్నారు. నా సెల్‌ఫోన్‌కు ఆ గదిలో సిగ్నల్ ఏనాడూ అందలేదు.

సర్వర్ కింద ఉన్న బ్యాటరీ పెట్టె కాసేపు కీచుకీచుమని మొత్తుకుంది. దాని వెలుతురులో తలుపు బాదాం, భుజాలతో నెట్టాం. తర్వాత అదీ ఆగిపోయింది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి.

చీకటి సాలల్లో పుట్టిపెరిగిన మనిషి కదా, ధైర్యం చెప్తుందనుకున్నాను. ఆవిడ నేలమీద కూలబడి ఏడ్వడం మొదలుపెట్టింది. చెయ్యి వెతికి పట్టుకున్నాను.

“ఎవరో ఒకరు వస్తారు ఆంటీ. భయపడకండి.”

“భయం కాదు. పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. బొదేగా అమ్మేశాడు. పెద్ద కంపెనీకి. ఇల్లు కూడా, పెరడు కూడా.”

ఆవిడ పక్కనే నేలమీద కూర్చున్నాను. ఆవిడే మాట్లాడింది. ఇక్కడ ఉండలేకపోయిన ప్రతిసారీ, పోనీ ఇంటికి పోతానని అనుకునేదట. నిజంగా పోయేదని కాదు, పోవచ్చనే మాట ఒకటి ఉండేదట. ఇప్పుడు అది లేదు. వేసవిలో సాల చల్లగా ఉండటానికి నేలమీది ఇసుకపై నీళ్ళు చల్లేవాళ్ళనీ, చిన్నప్పుడు ఆ పని తనదేననీ చెప్పింది. పీపాలో వైన్ మీద తెల్లటి పొర ఒకటి కడుతుంది, దాన్ని వాళ్ళు పువ్వు అంటారు. ఆ పొర బతికున్నంత కాలం కింద వైన్ పాడవదు. మరీ వేడెక్కితే అది చచ్చిపోతుంది. అందుకే ఆ నీళ్ళు. తండ్రి ఆవిడను ఎత్తుకుని పీపా మూతి దగ్గర ముక్కు పెట్టించేవాడట. బాగుందా, బాగాలేదా అని అడిగి, ఆవిడ చెప్పినట్టే సుద్దతో గుర్తు పెట్టేవాడట. కానీ తాళాలు తమ్ముడికిచ్చాడు.

గది వెచ్చబడుతోంది. గాలి బరువుగా ఉంది. ఆవిడ లేచి తడుముకుంటూ వెళ్ళి ఒక సీసా తెచ్చింది. చీకట్లో ఏది ఎక్కడుందో ఆవిడ చేతులకు తెలుసు.

“ఇది మా ఇంటిది. ఇంకా మా పేరుతో వచ్చిన ఆఖరి పెట్టె. గ్లాసు ఉందా?”

గ్లాసు లేదు. నా టిఫిన్ డబ్బా మూత ఉంది, పెరుగన్నం తిని కడిగి పెట్టుకున్నది. అందులో పోసి నా చేతికిచ్చింది. “తాగనక్కర్లేదు ఇహా. వాసన చూడు చాలు.”

వాసన చూశాను. ద్రాక్ష వాసన కాదు. రాత్రి రుబ్బి పెట్టిన దోసెపిండి పొద్దుటికి పొంగినప్పటి వాసన, దాని వెనక తడి సున్నపు గోడ వాసన. ఇది మా వంటింటి వాసనే అనిపించింది. తాగాను. తీపి లేదు. ఉప్పగా, పొడిగా, నాలుక మీద నిలబడకుండా పోయింది. ఇంకొంచెం పోయమన్నాను. నా ఇరవై నాలుగేళ్ళలో నాకు నేనుగా తీసుకున్న నిర్ణయం అదొక్కటేనేమో. అది కూడా తాళం వేసిన గదిలో.

తర్వాత ఇద్దరం మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళి అరిచాం. ఆవిడ స్పానిష్‌లో, నేను ఇంగ్లీషులో. ఇంగ్లీషు అయిపోయింది. గొంతు చించుకుని మా ఊరి మాటలో అరిచాను: “ఎవరన్న ఉన్నరా బయట? తలుపు తియ్యుండ్రి!”

కాసేపటికి గోడ కింద గాలి గొట్టం దగ్గర నుంచి ఒక గొంతు.

“ఎవలక్క లోపల? తెలుగోళ్ళా?”

ఇప్పటికీ ఆ గొంతు నాకు వినిపిస్తుంది. జగిత్యాల వైపు మనిషి. పక్కనున్న ఓడల యార్డులో వెల్డింగ్ పని. సగంరోజు డ్యూటీ దిగి, వాన ఆగేదాకా తోటివాళ్ళతో మా గోదాము చూరు కింద నిలబడ్డాడు. సెక్యూరిటీ మనిషిని పిలుచుకొచ్చాడు. ఆయన దగ్గరున్న తాళంచెవి ఆ తలుపుది కాదు. యార్డు నుంచి గడ్డపార తెచ్చారు.

“అక్క, తలుపుకాడికెల్లి జర్గుండ్రి. ఇరగ్గొడ్తున్నం.”

తలుపు ఊడివచ్చింది. వెలుతురు కళ్ళలో పొడిచింది. వాళ్ళు నలుగురు, తడిసిన నీలం బట్టల్లో. మా కాళ్ళ దగ్గర సీసా, నా చేతిలో స్టీలు మూత. అతను ఒకసారి చూశాడు. అమ్మ చెవిన పడితే ఏమవుతుందోనని మూత వెనక్కి దాచబోయాను. అతను మాత్రం వంగి, నా టిఫిన్ డబ్బా తీసి అందించాడు. “మూత పెట్టుకో అక్క, పోతది,” అన్నాడు. తర్వాత, ఏసీ ఆగినా బయటికంటే చల్లగానే ఉన్న గదిలోకి తొంగి చూసి, “ఇంత సల్లగుంటదా! మేము ఓడ ట్యాంకు లోపట కూసోని వెల్డింగ్ జేస్తం. ఉడుకుతది. మీ అసొంటి జాగల పని ఇస్తే ఎంత బాగుండు,” అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే అన్నాడు.

వాళ్ళను తీసుకుపోయే లారీ వచ్చింది. ఎక్కి, ఒకరి పక్కన ఒకరు ఇరుక్కుని కూర్చున్నారు. అతను చెయ్యి ఊపాడు. పేరు అడగలేదని లారీ మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం నన్ను చూసుకోవడానికి మనుషులు వచ్చారు. ఆంగ్ మో కియో ఆంటీ కుదిర్చిన ఏర్పాటు, అమ్మ పంపిన ఫొటో. అబ్బాయి ఒక బ్యాంకులో ప్రోగ్రామరు. అతనూ, అతని అక్కాబావలూ వచ్చారు. నేను టీ తెచ్చాను. అక్క ముద్దుగా నవ్వి అడిగింది.

“మా తమ్ముడిదీ బ్యాంకే కదా, నీదే బ్యాంకమ్మా?”

ఒక పేరు చెప్తే సరిపోయేది. ఏదో ఒకటి. నోటిదాకా వచ్చింది కూడా.

“బ్యాంకు కాదండీ. స్పెయిన్ వైన్ అమ్మే కంపెనీ. తువాస్‌లో గోదాము.”

అబ్బాయి కప్పు కింద పెట్టాడు. బావగారు గోడ గడియారం చూశారు. ఆంటీ మాత్రం గబగబా, “ఐటీయే లా, ఐటీయే! వైన్ తాగడం కాదు, కంప్యూటర్ మాత్రం,” అంది.

“వాసన చూసి రాయాలి,” అన్నాను. “అప్పుడప్పుడు రుచి కూడా.”

వాళ్ళు మర్యాదగానే టీ తాగి వెళ్ళిపోయారు. ఆంటీ తలుపు వేసి వచ్చి సోఫాలో కూలబడింది. “అయ్యో పిల్లా, మొదటే నాతో చెప్పేసి ఉంటే పోయేది కదా. నేను ఎంతమందికి బ్యాంక్, బ్యాంక్ అని చెప్పాను, మలూ లా!” సిగ్గుతో చచ్చిపోయానని మలయ్‌లో అంటోంది. కాసేపటికి, “సరే, మకాన్ చేద్దాం రా,” అని భోజనానికి కంచాలు పెట్టింది. మా అమ్మ మాత్రం చాలా రోజులు ఫోన్‌లో నాన్నకే రిసీవర్ ఇచ్చేసేది. నేను చేసిన పని సరైందా కాదా అని అప్పుడు ఆలోచించలేదు. గట్టిగా ఊపిరి పీల్చుకున్నట్టు మాత్రం ఉండేది. అది కూడా సోమవారం పొద్దున వ్యాన్ ఎక్కేదాకానే.

గదికి కొత్త తలుపు పెట్టారు. కొత్త పిడి కూడా. కానీ ఆ లోపే బయట గాలి మారింది. ఇంటర్నెట్ దుకాణాలకు పెట్టుబడి పెట్టేవాళ్ళు ఒక్కసారిగా చేతులు ముడుచుకున్నారు. మా దుకాణం తెరుచుకుంది, పేజీలు అందంగా ఉన్నాయి, కొనేవాళ్ళు లేరు. యజమాని పొద్దున్నే వచ్చి కారులోనే కూర్చుండిపోయేవాడు. లోపలికి వస్తే ఎవరికో జవాబు చెప్పాలి. ఒకరోజు నేను కిటికీ అద్దం మీద తట్టి కాఫీ ఇచ్చాను. “నువ్వు నీ ఊరికి పోవచ్చు. నేను ఎక్కడికి పోను?” అన్నాడు. నేను పోలేనని ఆయనకు చెప్పాలనిపించింది. తిరిగి నా గదిలోకి నడిచాను.

మొదట స్పెయిన్ ఆంటీ పాస్ రద్దు చేశారు. హోటళ్ళు వెయిటర్లను పంపడం మానేశాయి కదా. సూట్‌కేసుతో గోదాముకు వచ్చి, సీసాల వరసల మధ్య ఒకసారి తిరిగి వచ్చింది. నన్ను కౌగిలించుకుని ఏదో స్పానిష్‌లో చెప్పింది. అర్థం అడిగితే తల అడ్డంగా ఊపింది. “ఎక్కడికి ఆంటీ?” అన్నాను. “వెళ్ళాక తెలుస్తుంది,” అంది.

నన్ను మాత్రం వదల్లేదు. మిగిలిన సరుకు అమ్ముడయ్యేదాకా ఆ ప్రోగ్రాము తెలిసిన మనిషి కావాలి. ఖాళీ అవుతున్న గదిలో ఒక్కదాన్నే, స్వెట్టరులో. గట్టిగా దగ్గితే గది తిరిగి దగ్గేది. చివరికి హోటళ్ళకు సామాను సరఫరా చేసే ఒక సంస్థ మిగిలిన వైనూ, సర్వరూ, నన్నూ కలిపి తీసుకుంది. పాత పాస్ పోయి కొత్త పాస్ వచ్చింది. పేరు మారింది, కట్టు మారలేదు. కాకపోతే ఈ ఆఫీసు ఆంగ్ మో కియో పారిశ్రామిక వాడలోనే. నడిచి వెళ్ళొచ్చు. నా బల్ల పక్కన కిటికీ ఉంది. మొదటి వారం పని తక్కువ చేసి, కార్లు పార్కు చేసుకునేవాళ్ళను చూస్తూ కూర్చున్నాను.

ఆ ఏడాది ఆఖరులో ఆంటీ ఫోన్ చేసింది. హెరెస్ నుంచి. బొదేగా కొన్న పెద్ద కంపెనీ దాన్ని యాత్రికులకు చూపించే చోటుగా మార్చిందట. ఇంగ్లీషు వచ్చిన గైడు కావాలంటే ఆవిడ వెళ్ళి చేరింది.

“మా వంటింట్లో టికెట్లు అమ్ముతున్నారు ఇహా,” అంది. “మెడలో కంపెనీ స్కార్ఫు కట్టుకుని, ఇదిగో ఇక్కడ యజమాని కుటుంబం ఉండేదని చెప్తాను. ఆ కుటుంబం నేనేనని చెప్పను.”

“బాధగా లేదా ఆంటీ?”

“ఉంటుంది. పొద్దున ఎవరూ రాకముందు వెళ్ళి పీపాల వాసన చూస్తాను. బాగుందా లేదా అని అడిగేవాళ్ళు లేరు. చూస్తాను అంతే.” తర్వాత అడిగింది: “నువ్వు?”

అగ్రిమెంటు ఇంకా ఆరు నెలలు ఉందని చెప్పాను. ఆ ఆరు నెలలూ గడిచాయి. కన్సల్టెన్సీ మనిషి వచ్చి, ఇంకో రెండేళ్ళకు కాగితాలు ముందు పెట్టాడు, అదే మర్యాదతో. సంతకం చేయనన్నాను. నాకు నేనుగా పేపరు చూసి, ఫోన్లు చేసి, వుడ్‌ల్యాండ్స్‌లో ఓడల లెక్కలు చూసే ఒక కంపెనీలో ఉద్యోగం చూసుకున్నాను. అక్కడి పాస్ కూడా ఆ కంపెనీ పేరుతోనే వచ్చింది. అంతకుమించిన దారి ఆ దేశంలో నాలాంటివాళ్ళకు అప్పట్లో లేదు. కానీ ఆ కాగితం మీద ఏ పేరుందో ఈసారి ముందే చదివి, సంతకం నేనొక్కదాన్నే పెట్టాను.